ఒక జగ్గు వేన్నీళ్ళు

స్తెఫానియాకు ఒళ్ళు మండిపోతోంది. కౌనస్ నగరంలో తాను నర్సుగా ఉన్న ఆసుపత్రి నేలమాళిగలోకి ఆ ధ్వని యంత్రం వచ్చి మూడేళ్ళయింది. పరీక్షకు వచ్చిన ఆడవాళ్ళు బల్ల మీద బోర్లా పడుకుంటారు. బల్లకున్న కంతలోంచి రొమ్ము కింది నీళ్ళ తొట్టిలోకి దిగుతుంది. చుట్టూ ఉన్న వలయం శబ్దం పంపి బొమ్మ గీస్తుంది. గీసి ఏం లాభం? అంతా మసక.

అదే, యంత్రాన్ని సరిచూడడానికి ఉంచుకున్న రబ్బరు ముద్దను ముంచితే లోపలి దారాలు కూడా విడివిడిగా కనబడతాయి! ఈ తేడా ఎందుకో తేల్చలేక ఇంజినీరు విల్మాంతస్ లెక్కలు మార్చాడు, వలయం మార్చాడు, చివరికి నెపం ఆడవాళ్ళ మీదికే నెట్టాడు.

"ఊపిరి తీస్తున్నారు, కదులుతున్నారు. నేనేం చెయ్యను స్తెఫానియా గారూ?"

"ఊపిరి తియ్యని వాళ్ళని పట్టుకు రమ్మంటావా బాబూ?"

ఇవాళ ఆమెకు వేళాకోళం కూడా మనసారా రావడం లేదు. బల్ల ఎక్కబోతున్నది సొంత చెల్లెలు ఓనూటే. పోయిన వారం తీసిన బొమ్మలో లోతుగా ఒక మచ్చ కనబడింది. అంచు నున్నగా ఉంటే భయం లేదు, గరుకుగా ఉంటే క్యాన్సరు కావచ్చు; ఏదో ఎవరికీ అంతుపట్టలేదు. ఇవాళ కూడా తేలకపోతే కోసి చూడాల్సిందేనని డాక్టరు చెప్పేశాడు. కత్తి మాట వింటేనే ఓనూటేకు హడలు.

"ఒక్క మాట," అన్నాడు విల్మాంతస్ కంప్యూటరు తెర ముందు నుంచి లేవకుండానే. "రబ్బరు ముద్దకి ఏం చేస్తారో, మనుషులకీ అచ్చం అదే చేస్తున్నారా?"

"ఏం ప్రశ్నయ్యా అది? అదే తొట్టి, అవే నీళ్ళు!"

ఓనూటే పడుకుంది. "అబ్బ! చల్లగా ఉందక్కా!"

జనవరి మంచులోంచి వచ్చిన మనిషికి ముప్ఫై డిగ్రీల నీళ్ళు వెచ్చగా ఎలా ఉంటాయి? స్తెఫానియా చెయ్యి అలవాటుగా కెటిల్ పక్కనున్న జగ్గు మీదికి పోయింది. వచ్చిన ప్రతి ఆడమనిషికీ తొట్టిలో పైపైన ఒక జగ్గు వేన్నీళ్ళు పోయడం ఆమె పద్ధతి. ఎవరూ పొయ్యమనలేదు. పాపం, వణికిపోతారని పోసేది.

చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. రబ్బరు ముద్దకు చలి వెయ్యదు. దానికి ఏనాడూ పొయ్యలేదు.

వేడి నీళ్ళలో శబ్దం వేగంగా పరిగెడుతుందని విల్మాంతస్ మొదటి వారంలోనే చెప్పాడు. తానూ తల ఊపింది. ఉష్ణమాపకం ఉన్నది తొట్టి అడుగున. పైన ఎంత పోసినా అది ముప్ఫై అనే చెప్పింది. యంత్రం ఆ ముప్ఫైనే నమ్మి లెక్క కట్టింది, అందుకే బొమ్మ మసకబారింది.

"ఛీ, నా మొహం మండ!"

విల్మాంతస్ లేచొచ్చాడు. ఆమె జగ్గు చూపించింది. అతను జగ్గునీ, తొట్టి అడుగునున్న ఉష్ణమాపకాన్నీ మార్చి మార్చి చూశాడు.

"అందరికీ పోశారా?"

"అందరికీ! ఇలా ఒక్కసారి లేచొచ్చి చూస్తే నీ సొమ్మేం పోయేది? మూడేళ్ళూ ఆ తెరకే అతుక్కుపోయావు కదా!" అరిచింది గానీ, ఆ కోపమంతా తన మీదేనని ఆమెకు తెలుసు.

"అక్కా, వేన్నీళ్ళు పొయ్యవూ?"

"పొయ్యను. పళ్ళు బిగబట్టి కదలకుండా పడుకో."

జగ్గు సింకులో గుమ్మరించి, తన శాలువా తీసి చెల్లెలి పాదాలకు చుట్టింది. వలయం తిరిగింది. కాసేపటికి తెర మీద మచ్చ తేలింది. గుండ్రంగా, నున్నటి అంచుతో ఉంది.

డాక్టరు దిగొచ్చి చూశాడు. "నీటి తిత్తి. కొయ్యక్కర్లేదు." ఓనూటే ఏడ్చేసింది. స్తెఫానియా మాత్రం కుర్చీలో కూలబడి, ఇన్నాళ్ళూ బొమ్మ తేలక పై అంతస్తుకు కోతకు వెళ్ళిన వాళ్ళ ముఖాలను గుర్తు చేసుకుంటోంది.

"అందరి పేర్లూ తియ్యి. నేనే ఫోన్ చేసి నా వేన్నీళ్ళ సంగతి చెబుతాను," అంది.

విల్మాంతస్ గొంతు తగ్గించాడు. "కోయించుకున్న వాళ్ళకి కూడానా?"

"ముందు వాళ్ళకే."