ఉప్పు చూడని దోసె మాస్టరు: కర్నూలు నుంచి కడపకు

ఉదయం తొమ్మిదింటికీ మధ్యాహ్నం పన్నెండింటికీ నడుమ హోటలులో కూర్చుని టిఫిను తినేవాడు సోమరి అన్న అభిప్రాయం మా కళాశాలలో బలంగా ఉన్నది. దానిని నేను వేదిక మీద రెండుసార్లు ఖండించాను, అవసరమైతే మూడవసారీ ఖండిస్తాను. వేకువన మడక పట్టిన రైతు సద్దిమూట విప్పేది ఆ వేళకే. ఎండ తలమీదికి రాకముందే కడుపు నింపుకోవాలని ఈ సీమలోని మనుషులు తరతరాలుగా తెలుసుకున్నారు. ఆ వేళ తిండికి ఇంగ్లీషువారు ప్రత్యేకంగా ఒక పేరు పెట్టుకున్నారట. మనకు పేరుతో పని లేకపోయింది, ఆకలి చాలింది. అయితే ఈ ప్రయాణం ఆ వాదనను గెలిపించడానికి చేసింది కాదు. వేరొక వాదనలో గెలిచినందువల్ల చేయవలసివచ్చింది.

కర్నూలులో మేము నలభైమంది విద్యార్థులం ఒక ఇల్లు అద్దెకు తీసుకుని మెస్సు నడుపుకుంటున్నాము. నాలుగేళ్ళుగా మాకు వండిపెట్టిన మనిషి మస్తానప్ప. పత్తికొండ వైపు దూదేకుల కుటుంబం, వయస్సు నలభై అయిదు. మొన్న ఫాల్గుణంలో అన్నం ముక్కిన వాసన వేయసాగింది. మెస్సు సభలో నేను లేచి అరగంట మాట్లాడాను. శుచి గురించి, బాధ్యత గురించి, పేద తల్లిదండ్రులు పంపే సొమ్ము గురించి మాట్లాడాను. చప్పట్లు మోగాయి. ఆ సాయంత్రమే మస్తానప్పను తీసివేశారు. వారం తరువాత తెలిసింది, ముక్కిపోయిన బియ్యం పంపింది మా మెస్సు కమిటీ కుదుర్చుకున్న వర్తకుడని, ఆ బియ్యాన్ని నాలుగు నీళ్ళు కడిగి, ఏరి, తినగలిగేటట్లు చేసింది మస్తానప్ప అని. నాలుగేళ్ళలో నేను ఒక్కసారి కూడా వంటింటి గడప దాటి చూడలేదు. సభకు అతనిని పిలవాలని నాకు తోచనూ లేదు.

అతనిని వెతుక్కుంటూ వెళ్ళి కొండారెడ్డి బురుజు సమీపంలోని ఒక రేకుల హోటలులో పట్టుకున్నాను. దినకూలికి బజ్జీలు వేస్తున్నాడు. కర్నూలు రాజధాని అయినప్పటినుంచి గుడారాలలో ప్రభుత్వ కచేరీలు, ఆ కచేరీల గుమాస్తాలతో హోటళ్ళు కిటకిటలాడుతున్నాయి. మదరాసు నుంచి వచ్చినవారు ఫిల్టరు కాఫీ కోసం దేవులాడుతారు గాని, ఈ ఊరు తెలుసుకోదలచినవారు తొమ్మిదిన్నర దాటాక ఇటువంటి చోటికి వెళ్ళి ఉగ్గాణి అడగాలి. నానబెట్టి పిండిన బొరుగులకు, అంటే మరమరాలకు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు తాలింపు పట్టించి, పప్పులపొడి చల్లి, పక్కన వేడి మిరపకాయ బజ్జీ పెట్టి ఇస్తారు. బొరుగులు మెత్తబడాలి గాని ముద్ద కాకూడదు. ఆ నడిమి స్థితి రెండు నిమిషాల కంటె నిలవదు. మస్తానప్ప నా ముందు పెట్టిన ఆకులో ప్రతి బొరుగూ విడిగా ఉన్నది. మొత్తం మూడణాలు.

కడపలో ఒక హోటలుకు దోసె మాస్టరు కావాలని లారీ డ్రైవరు ఒకడు కబురు తెచ్చాడని, ఒక పొద్దు పని చేయించి చూసి పెట్టుకుంటారని అతను చెప్పాడు. ఇక్కడి కూలి ఎన్నాళ్ళుంటుందో తెలియదు. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు.

"నేనూ వస్తాను మస్తానన్నా. నీ తరఫున మాట్లాడతాను," అన్నాను.

"నువ్వు మాట్లాడింది సాల్లేప్పా," అన్నాడు బజ్జీ తిప్పుతూ. "వస్తే రా. బస్సులో తోడుంటావు."

మరునాడు ఆరు గంటల బస్సు ఎక్కాము. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు టిక్కెట్టు నాలుగు రూపాయల చిల్లర. ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోవడం మేలు. నంద్యాల దాటిన తరువాత నల్లమల ఆ పక్కనే వెంట నడుస్తుంది. వేసవిలో ఆ కొండలు పచ్చగా ఉండవు. ఎండిన బోదగడ్డితో, బూడిద రంగులో, ఏ ఆచ్ఛాదనా లేకుండా నిలబడి ఉంటాయి. వాటి ముందు నల్లరేగడి నేల బీటలు వారి ఆకాశందాకా పరుచుకొని ఉంటుంది. ఆ విస్తీర్ణాన్ని చూసినప్పుడు మనిషి ఇక్కడ పంట తీయాలని మొదట ఎట్లా అనుకున్నాడా అని నాకు విస్మయం కలిగింది. బస్సులో నోరు మూసుకుని కూర్చోవడం నాకు అలవాటు లేదు. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ దాకా నేను మాట్లాడలేదు.

ఆళ్ళగడ్డలో పదిన్నరకు అరగంట ఆగుతుంది. బస్టాండు ఎదుట బోద కప్పిన కొట్టంలో గుంతపొంగణాలు వేస్తున్నారు. ఆరు పొంగణాలు, శెనగపప్పు చట్నీ, కాఫీ కలిపి పావలా. అడుగు భాగం కరకరలాడుతూ, లోపల తేనెపట్టులాగా గుల్లగా ఉన్న పొంగణాన్ని తుంచి నోట పెట్టుకోబోతూ చూస్తే, మస్తానప్ప బస్సు నీడలో తువ్వాలు తలకు చుట్టుకుని కూర్చుని ఉన్నాడు. రంజాను నెల అది. తెల్లవారుజామున తిన్నదే తిండి, తాగినవే నీళ్ళు. చదువుకున్నవాడిని కనుక ఊరుకోలేకపోయాను.

"ప్రయాణంలో ఉన్నవాడికి మీ ధర్మంలోనే మినహాయింపు ఉన్నది. తరువాత ఆ ఒక్కపొద్దు తీర్చుకోవచ్చు. చదివాను," అన్నాను.

"ఉండాది. నాకూ తెలుసు."

"మరి?"

"ఈ పొద్దు మినాయింపు బస్సుకు తీసుకుంటి అనుకో. రేపు పెనం కాడ ఏం చేసేది? ఆడ నేను ప్రయాణంలో లేను గదప్పా, పనిలో ఉంటా." నా చేతిలోని ఆకు వైపు చూశాడు. "సల్లారిపోతాండాది, తిను. ఆ పొంగణాలేసేటామె చెయ్యి మంచిది. వాసనలోనే తెలుస్తాండాది."

మూడు దాటాక కడప చేరాము. హోటలు పెద్ద బజారుకు కాస్త లోపలగా ఉన్నది. యజమాని సుబ్బరాయుడు కమలాపురం వైపు వ్యవసాయదారుడు, నాలుగేళ్ళ కిందట పొలం తమ్ముడికి అప్పగించి ఈ వ్యాపారంలోకి దిగాడు. నల్లని బండలు పరిచిన నేల, ఆ బండలతోనే చేసిన బల్లలు. బయట ఎండ నిప్పులు చెరుగుతుంటే ఆ బండ మీద అరచేయి పెడితే బావినీళ్ళ చల్లదనం తగిలింది.

"మాస్టరు నువ్వేనా? ఈయనెవరు?" అన్నాడు సుబ్బరాయుడు.

"మా ఊర్లో చదువుకుంటాండాడు. తోడొచ్చినాడు."

"సరే. రేపు ఏడు నుంచి పదకొండు దాకా పెనం నీది. పదింటికి రద్దీ. నాది ఒకటే మాట, తినకుండా ఒక్క ఆకు తిరిగొచ్చినా మద్యాన్నం బస్సుకు పోతావు."

ఇది అన్యాయమని, ఒక్కడి రుచిని బట్టి ఒక మనిషి పనితనాన్ని నిర్ణయించరాదని చెప్పడానికి నేను ముందుకు జరిగాను. మస్తానప్ప నా చొక్కా అంచు పట్టుకుని వెనక్కి లాగి, "పిండి యాడ రుబ్బాల?" అని అడిగాడు.

కడప దోసెకు ప్రాణం ఎర్రకారం. ఎండుమిరపకాయలు, ఉల్లిపాయలు, వెల్లుల్లి కలిపి రాతిమీద నూరిన ముద్ద అది. ఆ హోటలులో కారం నూరేది సుబ్బరాయుడి తల్లి ఓబులమ్మ. ఆమె దానిలో ఉప్పు వేయదు. ఉప్పు పడితే ఉల్లిపాయ నీరు వదిలి ముద్ద పలచబడుతుంది. అందువల్ల దోసె పోసే ముందు మాస్టరే ఉప్పు కలిపి, నాలుక మీద వేసుకుని చూసుకోవాలి. తెల్లవారి ఏడింటికి ఆ గిన్నె ముందుకు వచ్చినప్పుడు గాని ఈ సంగతి మాకు తెలియలేదు.

ఒక్కపొద్దులో ఉన్న మనిషి నాలుక తడపడు. గిన్నె నా వైపు జరిపాడు. "నువ్వు చూసి చెప్పప్పా."

అతను ఉప్పు వేశాడు, నేను చూశాను, తక్కువన్నాను. మళ్ళీ వేశాడు. ఈసారి సరిగ్గా ఉన్నది. నిశ్చయంగా చెప్పాను. అతను తల ఊపి, ఇంకొక చారెడు ఉప్పు తీసి గిన్నెలో పోశాడు.

"సరిపోయిందన్నాను గదా మస్తానన్నా. ఇప్పుడు చెడింది."

ముద్దను వేళ్ళ నడుమ నలిపి చూసుకుంటూ అన్నాడు: "నువ్వు కారం తిని చెప్తాండావు. వచ్చేటోల్లు దోసె తింటారు. పిండిలో నేను ఉప్పెయ్యలేదు, ఈ ఎండకు పులిసిపోతాదని."

నేను గిన్నెను అతని వైపు జరిపాను.

తొమ్మిదిన్నరకు బండ్లు, జట్కాలు బయట బారులు తీరాయి. గనుల నుంచి పని మీద వచ్చిన మనుషులు, బట్టలకొట్ల సాయిబులు, కోర్టు గుమాస్తాలు, సంతకు వచ్చిన రైతులు ఒకే బండ బల్లకు ఇరువైపులా కూర్చున్నారు. మస్తానప్ప పెనం మీద నీళ్ళు చిలకరించి, చెవి అటు వంచి, ఆ చప్పుడు విని, మంట తగ్గించాడు. తగరపు లోటాతో పిండి పోసి, దాని అడుగుతోనే గుండ్రంగా తిప్పాడు. పక్కపక్కనే నాలుగు దోసెలు. మొదటిదాని అంచు లేచే వేళకు నాలుగవది పరుచుకుంటున్నది. నూనె, కారం, దానిమీద పప్పులపొడి, ఒక మడత. పెనం దగ్గర నిలబడితే నా కనురెప్పలు కాలుతున్నాయి. అతని చెమట గడ్డం నుంచి చుక్కలుగా రాలుతున్నది. తాగునీటి కుండ చేతికందే దూరంలో ఉన్నది. రెండు గంటలపాటు అటు చూడలేదు. తన చేతులలో నుంచి వెళ్ళిపోతున్న తిండిని, నీటిని ఆ మనిషి అంత శాంతంగా, అంత శ్రద్ధగా ఇతరులకు పంచుతుంటే, నేను ఇంతకాలం వేదికల మీద త్యాగమనీ నిగ్రహమనీ ఉచ్చరించిన మాటలు నాకే కొత్తగా వినిపించాయి.

నా ఆకులో దోసె పడింది. ఖరీదు బేడ, అంటే రెండణాలు. ఒక్క ముక్క తుంచి తిన్నాను. ఉప్పు సరిగ్గా ఉన్నది.

పదింబావుకు ఒక ఆకు తిరిగొచ్చింది. అంచున కొంచెం తుంచిన దోసె, తక్కినదంతా అట్లాగే ఉన్నది. సుబ్బరాయుడు దానిని చూశాడు, మస్తానప్పను చూశాడు. నేను లేచాను. మాటలన్నీ సిద్ధంగా ఉన్నాయి. కాని నాకంటె ముందు మస్తానప్ప పెనం మీద దోసెలు మడిచి తీసి, మంట కిందికి లాగి, ఆ ఆకు పట్టుకుని మూల బల్ల దగ్గర కూర్చున్న ముసలి రైతు వద్దకు నడిచాడు.

"ఏం పెద్దాయనా, బాగలేదా?"

"శానా బాగుండాది లేప్పా. పండ్లు లేవు నాకు. అంచు కొరకల్యాక పోతాండా."

"ముందే సెప్పకూడదా?"

"నువ్వు ముందే అడక్కూడదా?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మస్తానప్ప కూడా నవ్వి వెనక్కి వెళ్ళి, మందంగా ఒక దోసె పోసి, మూత పెట్టి ఆవిరి మీద మగ్గనిచ్చి, దూదిలా ఉన్నదానిని తీసుకెళ్ళి పెట్టాడు. ముసలాయన అది తిని, ఇంకొకటి పొయ్యమన్నాడు.

పదకొండు దాటింది. రద్దీ తగ్గింది. సుబ్బరాయుడు గల్లాపెట్టె దగ్గర నుంచి లేచి వచ్చాడు.

"బాగ పోసినావప్పా. కానీ మాట మాటే. ఆకు తిరిగొచ్చె."

అప్పుడు వెనుక గదిలో నుంచి ఓబులమ్మ వచ్చింది. ఎనభై ఏళ్ళు ఉంటాయి. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి.

"ఆకు తిరిగొస్తే ఈ మనిషి దాని యెంటబడి పోయినాడు రా. నీ పాత మాస్టరు కుక్కకేస్తాండె." మస్తానప్ప వైపు తిరిగింది. "ఉప్పెవరు చూసిరి?"

"ఎవరూ చూడలేదమ్మా. నాకు ఒక్కపొద్దు."

అబద్ధం కాదు. నేను చూసిన ఉప్పు ఆ దోసెలలోనిది కాదు. గిన్నెలో మిగిలిన కారాన్ని ఆమె వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది.

"పండగ దాకా ఉప్పు నేనే చూస్తాలే," అని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. సుబ్బరాయుడు తల్లి వెళ్ళిన వైపు చూసి, మస్తానప్పతో, "వెనక గదిలో పడుకో. పొద్దు గూకినాక తినేదానికి ఏం కావాల్నో అమ్మకు చెప్పు," అన్నాడు.

మధ్యాహ్నం ఒంటిగంట బస్సుకు నన్ను సాగనంపడానికి మస్తానప్ప వచ్చాడు. మెస్సు సభ ప్రసంగం గురించి నేను ఏదో చెప్పబోయాను. వాక్యం సగంలోనే చిక్కుపడిపోయింది.

"ఆ దినం శానా బాగ మాట్లాడినావంట," అన్నాడు. "నేను వంటింట్లో ఉంటి. వినబడల్యా." నా భుజం తట్టి, ఎండలోకి నడిచి వెళ్ళిపోయాడు.

హోటళ్ళు యువతను చెడగొడుతున్నాయని ఉపన్యసించే పెద్దలతో నా వైరం ఇంకా తీరలేదు. జూలైలో కళాశాల తెరిచాక ఆ సంగతి తేల్చుకుంటాను. కాని కర్నూలులో బొరుగులను విడివిడిగా నిలిపే చేతిని, కడపలో దాహం దిగమింగుకుని పెనం శబ్దాన్ని వినే చెవిని చూసిన తరువాత, ఈ ఎండిన సీమ గొప్పతనాన్ని శాసనాలలో, కోటలలో మాత్రమే వెతికేవారి మీద నాకు జాలి కలుగుతున్నది. నిప్పుకు, మనిషికి మధ్య జానెడు దూరంలో ఇక్కడ ప్రతి ఉదయం ఎంతో గొప్ప పని జరుగుతున్నది. మనం తిని, చేయి కడుక్కుని, సాధారణంగా మరొక విషయం మాట్లాడుకుంటూ బయటికి వచ్చేస్తాము. మెస్సు కమిటీకి ఒక ఉత్తరం రాశాను. అది ఆనాటి సభలో నా ప్రసంగంకంటె చిన్నది, రాయడానికి మాత్రం ఎక్కువ సమయం పట్టింది.

వెళ్ళదలచినవారికి ఒకే ఒక్క సూచన. పదింటికి ముందే చేరుకోండి, ఆకులో ఏదైనా లోపం కనిపిస్తే దానిని వదిలి లేచిపోకండి. పెనం దగ్గరికి నాలుగడుగులు నడిచి వెళ్ళి, వండిన మనిషికే చెప్పండి.