మెస్సు అని రాసిన బయోడేటా

మా ఇంట్లో నా ఉద్యోగానికి ఆఫీసు అని పేరు. పొద్దున నేను చెప్పులు వేసుకుంటుంటే బాపు "ఆఫీసుకా?" అని అడిగేవారు. "ఆ, బాపూ" అనేదాన్ని. నేను వెళ్ళేది కమాన్‌పూర్ దారిలో ఉన్న ఒక క్యాంపుకు. బొగ్గు మీది మట్టిని, ఇక్కడ ఓబీ అనేదాన్ని, తవ్వి ఎత్తిపోసే ప్రైవేటు కాంట్రాక్టరుది ఆ క్యాంపు. అక్కడ డంపర్ డ్రైవర్లు, మెకానిక్కులు తినే మెస్సును నేను నడిపేదాన్ని. కూరగాయలు తెప్పించడం, వంటవాళ్ళతో పని చేయించడం, షిఫ్టు దిగి వచ్చేవాళ్ళకు వేడి అన్నం ఉండేలా చూడటం నా పని. సాయంత్రం నా బట్టల్లో తాలింపు వాసన ఉండేది. ఆఫీసులో తాలింపు ఏమిటని బాపు ఎన్నడూ అడగలేదు.

మా తాత ఊరి పటేలు. ఆయన కాలంలో మా ఇంటి ఆడవాళ్ళు పరాయివాళ్ళకు వడ్డించడం అనేది ఎవరి ఊహలోకీ రాని సంగతి. ఆ తర్వాత సగం పొలాలు కోర్టుల వెంట పోయాయి. మిగిలినవి, వాటితోపాటు ఇల్లు, ఓపెన్‌కాస్టు గనిలోకి పోయాయి. నేను పుట్టిన చోట ఇప్పుడు డంపర్లు తిరుగుతాయి. ఆ డంపర్లు నడిపేవాళ్ళకే నేను అన్నం పెట్టాను. దీని గురించి ఎవరి దగ్గరా కూర్చుని నిట్టూర్చలేదు. గోదావరిఖనిలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉన్నా బాపు ఇస్త్రీ ధోవతి లేకుండా గడప దాటరు. నేనూ ఆయన కూతురినే.

క్యాంపు ఎత్తేస్తారని తెలిసిన నెలలోనే పేపరు జిల్లా పేజీలో ఒక ప్రకటన చూశాను. ప్రభుత్వ బాలికల వసతి పాఠశాలకు వార్డెన్ కావాలి. కాంట్రాక్టు పద్ధతి. డిగ్రీ ఉండాలి, వసతిగృహం గానీ భోజనశాల గానీ నడిపిన అనుభవం ఉంటే ప్రాధాన్యం. బయోడేటాతో దరఖాస్తు చేసుకుంటే పెద్దపల్లిలో ఇంటర్వ్యూకు పిలుస్తారు. వయసు పరిమితి ఆ ఏడాదితో నాకు దాటిపోతుంది. సర్కారు కొలువుకు నేను నిలబడగలిగే చివరి అవకాశం అదే. తీసుకుని తీరాలనుకున్నాను.

ఆ రాత్రే తెల్లకాగితాల మీద బయోడేటా రాశాను. మా ఇంట్లో మనిషిని పరిచయం చేయాలంటే ఇంటిపేరుతో మొదలుపెట్టి, ముత్తాత, తాత, వాళ్ళు చేసిన మంచి పనులు చెప్పి, చివరికి ఆ మనిషి దగ్గరికి వస్తారు. నేనూ అలాగే రాశాను. మా తాత బడికి జాగ ఇచ్చిన సంగతి, ఆయన ఉర్దూ పాండిత్యం, కరువులో గాదెలు తెరిచిన సంగతి అన్నీ వచ్చాయి. నా చదువు రెండో పేజీ అడుగున వచ్చింది. అనుభవం దగ్గర ఏమీ రాయలేదు.

మర్నాడు ఆ కాగితాలు పట్టుకుని చౌరస్తా దగ్గరి డీటీపీ సెంటరుకు వెళ్ళాను. దాన్ని నడిపే ఆమె నాకంటే కొంచెం పెద్దది. భర్త గనిలో పనిచేసి, ఆరోగ్యం చెడి అన్‌ఫిట్ అయ్యాక ఆమె ఈ దుకాణం పెట్టింది. ఈ ఊళ్ళో కొలువుకు పోయినవాళ్ళలో చాలామంది బయోడేటాలు ఆమె చేతి మీదుగా వెళ్ళినవే. కీబోర్డు మీది బొగ్గుదుమ్మును రంగుల కుంచెతో దులుపుతూ నా కాగితాలు చదివింది.

"ఏంది చెల్లె గిది? కొలువుకా, పెండ్లి సంబంధానికా?"

"కొలువుకే, అక్కా."

"మరి తాత ముచ్చటే ఉన్నది అంత. కొలువు తాతకా, నీకా?"

జిరాక్సు కోసం నిలబడ్డ ఒకాయన అందుకున్నాడు. "తాతకైతే పింఛను దరఖాస్తు కొట్టియ్యి అక్కా, జల్ది అయితది."

అందరూ నవ్వారు. కాగితాలు లాక్కుని మెట్లు దిగడం ఎంతసేపు. కానీ మెట్లు దిగితే మళ్ళీ ఎక్కాల్సింది నేనే. స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.

"నవ్వనీ. ఏది తీసెయ్యాలె, ఏది ఉంచాలె, నువ్వు చెప్పక్కా."

ఆమె కుంచె పక్కన పెట్టింది. "తాతను తీసేద్దాం. పెద్దమనిషే, కాదంటలేను. గాని ఇంటర్వ్యూల కూసునేది నువ్వు. డిగ్రీ అయి ఇన్నేండ్లాయె, ఏం పని చేసినవ్?"

'ఆఫీసు' అన్న మాట నోటిదాకా వచ్చింది. జిరాక్సు ఆయన చెవులు మా వైపే ఉన్నాయి.

"మెస్సు నడిపిన" అన్నాను. "ఓబీ క్యాంపుల."

"ఏడున్నది అది? ఈ కాయిదంల లేదు కదా."

"రాయలె."

"వాళ్ళు అడిగేదే గది. తాత ముచ్చట రెండు పేజీలు రాసి, గది రాయకపోతివి." ఆమె కొత్త పేజీ తెరిచింది. "దాన్ని అన్నిటికంటె మీద పెడ్తం. మెస్సు నడిపిన అంటె ఎవలికి ఏం తెలుస్తది? ఏమేం చేసినవో ఒక్కొక్కటి చెప్పు."

చెప్పాను. రెండు షిఫ్టులకు ఒకే వంటశాల. వంటవాళ్ళు తెలుగువాళ్ళు, తినేవాళ్ళలో ఎక్కువమంది జార్ఖండ్, బీహార్ వాళ్ళు. ఒకరికి అన్నం, ఒకరికి రొట్టె. సరుకు ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది రోజూ రాసేదాన్ని. ఒకసారి భోజనం బాగాలేదని డ్రైవర్లు ప్లేట్లు వదిలి లేచిపోతే, షిఫ్టు మొదలయ్యేలోపే మళ్ళీ వండించి పెట్టాను. నేను చెబుతుంటే ఆమె టైపు చేసింది. నా నోట్లోంచి వచ్చిన పని తెర మీద వరుసగా అక్షరాలవుతుంటే వింతగా అనిపించింది. ఇంత పని చేశానా అనుకున్నాను.

చిక్కంతా ఆ తర్వాత వచ్చింది. ఆమె దగ్గర అందరికీ వాడే ఒక నమూనా ఉంది. అందులో మిగతా గళ్ళు ముందే నింపి ఉన్నాయి.

"అభిరుచులు, క్రికెట్ ఆడుట అని ఉన్నది" అన్నాను.

"పోరగాండ్లది కదా, గట్లనే ఉండిపోయింది. ఉంటె ఏమైతది?"

"నేను క్రికెట్ ఆడ. తియ్యి."

తీసేసింది. హిందీ చదవడం, రాయడం, మాట్లాడటం అని ఉన్నచోట మాట్లాడటం ఒక్కటే ఉంచమన్నాను. కంప్యూటర్ కోర్సు అని ఉన్నచోట అసలు ఏమీ ఉంచొద్దన్నాను.

"గదొక్కటి ఉండనీ చెల్లె. అందరు పెడ్తరు. ఎవలు అడుగుతరు?"

"ఎవలు అడగకపోతె నేను అడుగుత."

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. "నీతోని కష్టమే. ఒకటేమో రాయాల్సింది రాయవు. ఇంకోటేమో రాస్తానంటె రాయనియ్యవు."

చివరికి ఒక్క పేజీ మిగిలింది. తండ్రి వృత్తి అన్న గడిలో ఆమె చేతులు ఆగాయి. ఈ ఊళ్ళో ఆ గడిలో గని కార్మికుడు అనో, రిటైర్డ్ కార్మికుడు అనో పడుతుంది. నేను వ్యవసాయం అన్నాను. అదే కొట్టింది. ఒక ప్రతి తీసుకుని ఇంటికి వెళ్ళాను.

బాపు అరుగు మీద కుర్చీలో ఉన్నారు. మా ఇంటి కాగితం ఏదైనా ఆయన చూడకుండా బయటికి వెళ్ళదు. అద్దాలు పెట్టుకుని మొదటి అక్షరం నుంచి చదివారు. మెస్సు అన్న లైను దగ్గర ఆయన వేలు ఆగింది. నేను నిలబడే ఉన్నాను. ఏమన్నా అంటే ఏం చెప్పాలో సిద్ధంగా పెట్టుకున్నాను. వేలు కిందికి జరిగి, చివరి గడి దగ్గర మళ్ళీ ఆగింది.

"వ్యవసాయం అని రాయించినవ్."

"అవును బాపూ."

"ఏడున్నది వ్యవసాయం?"

ఆ సమయానికి గనిలో బ్లాస్టింగ్ జరిగింది. కిటికీ రెక్కలు గలగలమన్నాయి. బాపు ఆ చప్పుడు ఆగేదాకా ఆగారు.

"రైతంటె దున్నేటోడు. నేను దున్నుత లేను. గది కొట్టేయించు."

"మరి ఏం రాయాలె?"

"ఏం లేదు అని రాయి. లేనిది ఉన్నదని రాస్తె మన ఇంటిపేరు పక్కపొంటి అబద్ధం కూసుంటది."

కాగితం మడిచి నా చేతిలో పెట్టారు. వెనక్కి వెళ్ళి ఆ గడిలో ఏం లేదు అని మార్పించాను. మెస్సు లైను గురించి ఆ రోజు గానీ, మర్నాడు గానీ ఒక్క మాట అనలేదు. మూడో రోజు పొద్దున మాత్రం నేను చెప్పులు వేసుకుంటుంటే "ఆఫీసుకా?" అని అడగలేదు. తల తిప్పి రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నారు. ఆయనది కోపమో, మరొకటో నాకు అర్థం కాలేదు. అయినా వెళ్ళాను. ఆ రోజు అనుభవం సర్టిఫికెట్ తీసుకోవాలి.

క్యాంపు మేనేజరు కోస్తా నుంచి వచ్చినాయన. మంచివాడు. నేను అడగకముందే టైపు చేయించి పెట్టాడు. చదివితే నేను అడ్మినిస్ట్రేటివ్ మేనేజరునని ఉంది.

"ఇది నేను కాదండి" అన్నాను.

"మీరేనండి. మెస్సు అని రాస్తే ఏం బావుంటుంది చెప్పండి? పెద్దింటి వారు."

"పెద్దింటివాళ్ళమనే చెబుతున్నా. మెస్సు నడిపినట్టు రాయండి. నడిపింది అదే."

"వెళ్ళిపోయేముందు మీకో ఉపకారం చేద్దామనుకున్నానండి."

"ఇదే ఉపకారం. ఉన్నది రాసి సంతకం పెట్టండి."

ఆయన నవ్వి, తల ఊపి, కొత్త కాగితం తీశాడు. అందరూ తమ పనిని పెంచి రాయమనే అడుగుతారట. తగ్గించి రాయమన్నది నేనొక్కదాన్నేనట. తగ్గించడం లేదని చెప్పాను. ఆయనకు అది ఎంతవరకు ఎక్కిందో తెలియదు.

ఇంటర్వ్యూ రోజు పెద్దపల్లిలో వరండా నిండా మనుషులు. అందరి చేతుల్లో లావుపాటి ఫైళ్ళు. నా కవరులో ఒక పేజీ, సర్టిఫికెట్లు. నా పేరు పిలిచారు. బల్లకు అవతల ముగ్గురు. మధ్యలో ఒక మహిళా అధికారి, పక్కన ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు. మూడో ఆయన రాసుకుంటున్నాడు.

హెడ్మాస్టరు నా ఇంటిపేరు చదివి తల ఎత్తారు. "మీరు ఆ పటేల్ల ఇంటివాళ్ళా? బడికి జాగ ఇచ్చింది మీ తాతగారే కదా. నేను ఆ బళ్ళోనే అక్షరాలు దిద్దిన."

"అవును సార్."

"మరి ఇందులో ఒక్క ముక్క రాయలేదేం అమ్మా?" ఆయన ముఖం వెలిగింది. అధికారి వైపు తిరిగి, "చాలా మంచి కుటుంబం మేడమ్" అన్నారు.

తలుపు నా కోసం తెరుచుకుంటున్నదని తెలిసింది. నేను నోరు మూసుకుని కూర్చుంటే చాలు. కానీ అట్లా లోపలికి వెళితే రేపు ఆ హాస్టల్లో తాత పేరు మీద కూర్చోవాలి.

"జాగ ఇచ్చింది మా తాత సార్. నేను కాదు. ఈ పనికి నేను తెచ్చుకున్నది ఆ కాగితంల ఉన్నదే."

చెడగొట్టుకున్నానేమో అనుకున్నాను. వెన్ను మాత్రం వంచలేదు. అధికారి నా పేజీని దగ్గరికి తీసుకుని పైనుంచి చదివింది.

"మెస్సు అని మొదటి లైనులోనే రాశారు. మంది ప్లేట్లు వదిలి లేచిపోయారని కూడా రాశారు. అలాంటిది ఎవరూ రాయరు. ఏం జరిగింది?"

చెప్పాను. పప్పు అడుగంటితే వంటాయన నీళ్ళు పోసి కలిపేశాడు. డ్రైవర్లలో ఒకాయన ప్లేటు నా ముందు పెట్టి, మేడమ్ ఇది మీరు తింటారా అని హిందీలో అడిగాడు. వాళ్ళందరి ముందే ఒక ముద్ద తిన్నాను. మాడు వాసన. అతను చెప్పింది నిజమని అందరికీ వినపడేలా చెప్పి, పప్పు పారబోయించి కిచిడీ వండించాను. ఆ రోజు నుంచి ఏ పూటయినా మొదటి ప్లేటు నేను తిన్న తర్వాతే వడ్డన.

"పిల్లల దగ్గర కూడా అలాగే తింటారా?"

"తింటా మేడమ్. వాళ్ళ వరుసలనే నిలబడి."

ఆమె రాసుకుంది. ఇంకేమీ అడగలేదు.

ఇంటికి వచ్చి జరిగింది జరిగినట్టు బాపుకు చెప్పాను. పప్పు సంగతి కూడా. ఆయన విన్నారు. "తాత ముచ్చట వద్దన్నవా?" అని మాత్రం అడిగారు. వద్దన్నానని చెప్పాను. లేచి లోపలికి వెళ్ళిపోయారు.

కొన్నాళ్ళకు ఎంపికైనవాళ్ళ పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టారు. నా పేరు ఉంది. డీటీపీ అక్కకు మిఠాయి పట్టుకెళ్తే, నోట్లో వేసుకుంటూ "క్రికెట్ లేకున్నా వచ్చిందా?" అంది.

హాస్టల్లో చేరే రోజు పొద్దున బాపు నాకంటే ముందే తయారై అరుగు మీద కూర్చున్నారు. నేను చెప్పులు వేసుకుంటుంటే ఇంటి ఓనరు గేటు దగ్గరికి వచ్చాడు. గనిలో రిటైరైనాయన. "ఏం పటేలా, బిడ్డ ఆఫీసు మారిందట కదా" అన్నాడు.

"ఆఫీసు కాదు" అన్నారు బాపు. గొంతు రోడ్డు దాకా వినిపించింది. "ఇన్నేండ్లు మెస్సు నడిపింది. ఇగ హాస్టల్ నడుపుతది."

తర్వాత నా వైపు తిరిగారు.

"నిలబడ్డవేంది? జల్ది నడువు. నువ్వు పోయి తింటెనే ఆ ఆడపిల్లలు తినుడు."