సీరియల్లో ఆవిడేమంది?

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ లోకంలో ఉండేది కాదు. బి.ఎస్సీ. పాసై, పోర్ట్ బ్లెయిర్‌లో ఒక స్కూల్లో సైన్సు టీచరుగా చేరి మూడు నెలలైంది. ఎవరికైనా ఏదైనా తెలియదంటే చాలు, చెప్పేదాకా నాకు నిద్ర పట్టేది కాదు. ఆ ఊళ్ళోనే మేముండే డిగ్నాబాద్‌ పేటలో, మా వీధి మొత్తానికి టీవీ ఉన్నది ఇంజన్ బాబాయి ఇంట్లోనే (బోట్ల ఇంజన్లు బాగుచేస్తాడు గనక ఆ పేరు, మాకు చుట్టమేమీ కాదు). ఆదివారం పొద్దున వీధి వీధంతా అక్కడే. అప్పుడో హిందీ సీరియల్ వచ్చేది. అందులో ఒక ముసలి సైంటిస్టు, గాలిలో మిగిలిపోయిన పాత మాటల్ని పట్టే యంత్రం తయారుచేస్తుంటాడు, పోయిన భార్య గొంతు ఒక్కసారి వినాలని.

అందరికంటే ముందు కూర్చునేది పక్కింటి పెద్దమ్మ. శ్రీకాకుళం తీరం నుంచి చేపలవేటకి భర్తతో వచ్చింది; ఆ పెదనాన్న పడవ ఒకనాడు వెళ్ళి మరి రాలేదు. ఆవిడకి బజారు హిందీ వచ్చు గాని ఆ సైంటిస్టు హిందీ అందేది కాదు. తెలుగులో చెప్పే పని నాది. చెప్పేదాన్ని, దాంతోపాటు నా తీర్పు కూడా.

"యంత్రం అయిపోవచ్చిందంటున్నాడు పెద్దమ్మా. కాని అది జరిగేది కాదు. శబ్ద తరంగాలు..."

"ఆడేటన్నాడో సెప్పవే. నీ మాట తరవాత ఇంటాను."

"మేడమ్, యే స్కూల్ నహీ హై," అన్నాడు ఒకసారి బాబాయి. "సూడనీ."

అందరూ నవ్వారు. నాకు రోషం వచ్చింది. మరుసటి ఆదివారం స్కూలు నుంచి శ్రుతిదండం పట్టుకెళ్ళాను (రెండు కొమ్ముల ఇనుప కడ్డీ, కొడితే కుయ్యిమంటుంది). సరిగ్గా సైంటిస్టు మీట నొక్కి కళ్ళు మూసుకున్నాడు. గదిలో అందరూ ఊపిరి బిగబట్టారు. ఇదే సమయమని లేచి, అందరికీ కనబడాలని ఒక గ్లాసు నీళ్ళు టీవీ మీద పెట్టి, కడ్డీని మోకాలికేసి కొట్టి నీళ్ళలో ముంచాను. "చూడండి, శబ్దం ఎలా చచ్చిపోతుందో!"

నీళ్ళు చిందాయి. బాబాయి "అరే!" అని ఎగిరాడు. ఉలిక్కిపడి గ్లాసు పడదోశాను. టీవీ వెనక టప్‌మంది, సన్నగా పొగ వచ్చింది, బొమ్మ చుక్కై మాయమైంది. చచ్చిపోయింది శబ్దం ఒక్కటే కాదన్నమాట.

ఎవ్వరూ తిట్టలేదు. అందుకే మరీ భయం వేసింది. పెద్దమ్మ మాత్రం నల్లటి తెర వంకే చూస్తూ, "ఆవిడేమందో?" అంది.

ఆ సీరియల్ చూసినవాళ్ళని అడగాలని అబర్డీన్ బజారుకి పరుగెత్తాను. బట్టల దుకాణం భయ్యా, "వో తో రో రహీ థీ," ఏడుస్తోంది అన్నాడు. టీ కొట్టాయన నవ్విందన్నాడు. మందుల దుకాణం దీదీ అసలు గొంతే రాలేదంది. ఒకే బజారు, ఒకే సీరియల్, ముగ్గురు సాక్షులు! చివరికి వట్టి చేతులతో వెనక్కొచ్చి, జీవితంలో మొదటిసారి ఋజువు లేని మాట చెప్పాను: "అన్నం తిన్నావా అని అడిగిందట పెద్దమ్మా."

పెద్దమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "అబద్దం. అన్నేళ్ళకి మాటాడితే ఏ పెళ్ళామైనా ముందు తిడతాది." అని నవ్వి, మెల్లగా అంది: "నానూ తిట్టే పంపినాను మీ పెదనాన్నని. వలకి సిల్లు పడిందని. ఆ మిసను ఇనడానికేనా, మనం సెప్పింది అవతలోళ్ళకి ఇనపడతాదా?"

తరంగాల పొడవులూ, వేగాలూ అన్నీ నోటికొచ్చినదాన్ని. ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఇనపడతాది పెద్దమ్మా," అన్నాను.

"మరాలగ సెప్పు," అని ఆవిడ లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

బాబాయి వారం తిరక్కుండానే టీవీ తనే బాగుచేసుకున్నాడు. నన్ను మాత్రం గుమ్మం దగ్గరే, రెండు చేతులూ కనబడేలా కూర్చోమన్నాడు. తర్వాత ముప్పై ఏళ్ళకి పైగా అదే శబ్ద పాఠం పిల్లలకి చెప్పి రిటైరయ్యాను. పాఠంలో తప్పేమీ లేదు. దాన్ని పట్టుకుని టీవీ ముందు లేచి నిలబడ్డ ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల తలపుకొస్తే మాత్రం, భుజం మీద చెయ్యేసి, కాస్త కూర్చోమ్మా, ఆవిడ మాట్లాడబోతోంది, అని చెప్పాలనిపిస్తుంది.