పెద్ద బొట్టు పెట్టుకున్న డిస్కు

మా తాత వామన్‌రావుకు కోపం వస్తే ఆబిడ్స్ చౌరస్తాలో బస్సులు ఆగుతాయని నానమ్మ అంటుంది. పంతొమ్మిది వందల డెబ్బైనాలుగు దసరాకు వచ్చిన కోపం మాత్రం ఇంకా దిగలేదు.

నాంపల్లి స్టేషన్ రోడ్డులో ఒక ప్రైవేటు ఆఫీసులో తాత కంప్యూటర్ ఆపరేటర్. గది నిండా ఉన్నది ఒకటే కంప్యూటర్. దాన్ని నడిపే సిస్టంలు మాత్రం రెండు. బిస్కెట్ డబ్బాల్లాంటి రెండు గుండ్రటి డిస్కుల్లో చెరొకటి ఉండేది. పొద్దున పాతది ఎక్కిస్తే కాలేజీల పరీక్ష ఫలితాలు అచ్చయ్యేవి. మధ్యాహ్నం మిషన్ ఆపి, డిస్కు మార్చి, కొత్తది ఎక్కిస్తే కంపెనీల పనులు నడిచేవి. ఒకదాని పని ఇంకొకదానికి రాదు. సవతుల కాపురం, మధ్యలో మా తాత.

గుంటూరు నుంచి వచ్చిన మేనేజరు శ్రీరామమూర్తికి ఈ మార్చుడు గిట్టలేదు.

"ఒక్క మిషనుకి రెండు సిస్టాలెందుకండీ? పండగ వెళ్ళగానే పాతది చెరిపేసి, ఆ డిస్కు కూడా కొత్తదానికే వాడేద్దాం."

"ఏంది సార్ చెరిపేది? పోరగాళ్ళ రిజల్ట్సన్నీ దాంట్లనే ఉన్నయి. కొత్తదాంట్లకు మార్చనీకె ఆర్నెల్లు పడ్తది."

"అలవాటు తప్పితే మీకు కష్టంగా ఉంటుందండీ, అంతే."

"అలవాటా? చిన్నోడు ముద్దొస్తున్నడని పెద్దోణ్ణి మూసీల పారేస్తరా?"

ఆ కోపంతోనే ఆయుధపూజనాడు తాత పాత డిస్కు మూతకు మాత్రమే పసుపు రాసి బొట్టు పెట్టాడు, మేనేజరు చూస్తుండగానే. కొత్తదాన్ని ముట్టుకోలేదు.

తాత ఇంటికి వెళ్ళాక, కంప్యూటర్‌కు లెక్కలు అందించే కార్డులు పంచ్ చేసే నళినికి మనసొప్పలేదు. "పండుగపూట గిట్ల బోసి మొకమేంది దీనికి?" అంటూ కొత్త డిస్కు మూత నిండా పసుపు పూసి, రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టింది. మూతల మీది పేరు చీటీలు రెండూ పసుపులో మునిగిపోయాయి.

సెలవు తర్వాత మేనేజరు పాతది చెరపమన్నాడు.

"నా చేతుల్తోని చెయ్య. నౌకరీ పోతే పోనియ్యి!" అని తాత వరండాలోకి వెళ్ళి నిలబడ్డాడు.

మేనేజరే పూనుకున్నాడు. చూస్తే రెండింటికీ బొట్లు. పెద్ద బొట్టున్నదే వామన్‌రావు పూజ చేసిన పాతదనుకుని దాన్ని ఎక్కించాడు. సిస్టం పేరు చూపించి చెరపమంటారా అని మిషన్ అడిగితే, ఆ పేరు చూడకుండా సరేనని నొక్కాడు.

చెరిగిపోయింది కొత్త సిస్టం. మద్రాసు నుంచి మళ్ళీ తెప్పించేదాకా పాతదే దిక్కయింది. మేనేజరు నళిని మీద అరవబోతే తాత అడ్డం నిలబడ్డాడు. "చూడకుంట నొక్కింది మీరు. ఆ పిల్లనేమంటరు?"

ఆ తర్వాత పాతది తీసేద్దామని ఎవరూ అనలేదు. తాత రిటైరయ్యేదాకా రెండూ నడిచాయి.

"గెలిచినవ్ గద తాతా, ఇంకా కోపమెందుకు?" అంటే ఎగిరిపడతాడు.

"ఏం గెలుసుడే? గొంతు చించుకున్న, ఒక్కడు ఇనలే. నా మాట మీద బత్కలే అది. నళిని బొట్టు మీద బత్కింది!"

అందుకే ప్రతి దసరాకూ ఆయన నుదుట బొట్టు పెట్టే పని నేనే తీసుకుంటాను. రూపాయి బిళ్ళంత పెడతాను.