అయిదో చుట్టు

మొన్న సాయంత్రం బడి నుంచి వచ్చిన మనవరాలు, బరంపురం లంజిపల్లిలోని మా ఇంటి మెట్లెక్కుతూ, వాటిని లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని తెలుగులో మొదలుపెట్టిన పిల్ల అయిదో మెట్టు మీద కాలు పెట్టేసరికి పాంచ, ఛఅ, సాత అంటూ ఒడియాలోకి దూకి, అదే ఊపులో పైకొచ్చేసింది. వరండాలో పేపరు చదువుకుంటున్న నేను ఆ "పాంచ" దగ్గర పేపరు మడిచేశాను. అలాంటి మాటే, దాదాపు అదే గొంతు ఎత్తుతో, నా కుర్రతనంలో ఒక చక్కెర మిల్లులో విన్నాను.

చెకొస్లొవాకియా అనే దేశం ఉన్న రోజులవి. నేను అప్పుడే ఒక తెలుగు దినపత్రికకు బరంపురం విలేకరిగా కుదిరాను. వార్త రాసి, కవరులో పెట్టి, విశాఖపట్నం బస్సు డ్రైవరు చేతికివ్వడమే నా ఉద్యోగం. అస్కా దాటాక ఉన్న ఒక చక్కెర మిల్లులో ఆ దేశం నుంచి తెచ్చిన ఆవిరి టర్బైనును తొలిసారి తిప్పబోతున్నారని తెలిసి, ముందురోజే బస్సెక్కి వెళ్ళిపోయాను. వార్త ఒక్కటే అయితే అంత ఆత్రం ఉండేది కాదు. ఆ టర్బైను ఆవిరి చక్రం దగ్గర నిలబడేది మా మేనమామ.

మా మావయ్య ఇచ్ఛాపురం దాటాక, సరిహద్దుకు ఒరిస్సా వైపున ఉన్న పల్లెవాడు. ఏటా చెరకు ఆడే కాలంలో మిల్లుకు వచ్చి ఫిట్టరు పని చేసి, ఆ కాలం ముగిశాక ఇంటికి పోయేవాడు. మళ్ళీ ఏడాది గేటు దగ్గర నిలబడి, పిలిస్తే లోపలికి, పిలవకపోతే వెనక్కి. అప్పటికే నలభై దాటాయి. కొత్త టర్బైనుకు ఏడాది పొడుగునా ఉండే మనిషి ఒకడు కావాలన్నారు. ఆ ఒక్క కొలువుకీ కటక్ నుంచి డిప్లొమా చదివిన కుర్రాళ్ళు ఇద్దరు వచ్చి కూర్చున్నారు. యంత్రం తెచ్చిన విదేశీ ఇంజనీర్లు ఎవరి పేరు చెబితే వాళ్ళని ఉంచుతామని మేనేజరు అన్నాడు. మావయ్యకు వచ్చినది తెలుగు, ఒడియా. ఆ విదేశీయులకి రెండూ రావు.

విదేశీయులు ఇద్దరు. పెద్దాయన గట్టివాడు, కళ్ళజోడు తుడుచుకుంటూ ఆజ్ఞలిచ్చేవాడు. చిన్నవాడికి నా వయసే ఉంటుంది. నూనె చేతులతో ఎప్పుడూ యంత్రం కిందే ఉండేవాడు. నెల రోజులుగా మావయ్య అతని పక్కనే ఉండి బోల్టులు బిగించాడు. అతను ఒక్కో బోల్టూ తిప్పుతూ తనలో తను ఏదో గొణుక్కునేవాడట. అది లెక్క అని మావయ్యకు రెండో రోజే అర్థమైంది. నాలుగో రోజుకు పది దాకా నోటికొచ్చేసింది. నాకు అప్పజెప్పి మరీ వినిపించాడు: "యెదెన్, ద్వా, త్షి, చ్తెరి, ప్యెంచ్. ఇందులో కష్టమేటుందిరా అల్లుడా, అయిదుకి ప్యెంచ్ అంతాడు, మన పాంచే గదా. ఆళ్ళు మనకి సుట్టాలేమో సూడు, నీ పేపర్లో రాయి."

మిల్లులో ఇంగ్లీషు తెలిసిన అసిస్టెంటు ఒకాయన, పెద్ద ఇంజనీరును అడిగి, వాళ్ళ చెక్ భాష అంకెలు ఒక కాగితం మీద ఒడియా అక్షరాల్లో రాసి మావయ్యకు ఇచ్చాడు. ఎందుకంటే పద్ధతి అలా పెట్టారు: ఆవిరి గొట్టం మీది చక్రాన్ని మావయ్య ఒక చుట్టు తిప్పి, ఎన్నో చుట్టో గట్టిగా అరవాలి, దూరంగా మీటరు దగ్గర ఉన్న చిన్న ఇంజనీరు ముల్లు కుదురుకునేదాకా చూసి చెయ్యెత్తాలి, చెయ్యెత్తితేనే తరవాతి చుట్టు. తొందరపడితే కొత్త యంత్రం దెబ్బతింటుంది. మావయ్య ఆ కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తనకు వచ్చిన లెక్క ఉండగా కాగితమెందుకని అనుకున్నాడు.

మర్నాడు పొద్దున మిల్లంతా అక్కడే ఉంది. బండ్ల దగ్గర ఎద్దులను వదిలేసి రైతులు కూడా కిటికీలకు వేలాడారు. కొబ్బరికాయ కొట్టారు, మేనేజరు తల ఊపాడు, మావయ్య తలపాగా బిగించి చక్రం పట్టుకున్నాడు. మొదటి చుట్టుకు గొట్టం దగ్గినట్టయింది, రెండో చుట్టుకు ఎక్కడో లోపల ఈల మొదలైంది. మూడు, నాలుగు. మీటరు దగ్గర చెయ్యి లేస్తోంది, దిగుతోంది.

మావయ్య అయిదో చుట్టు తిప్పి, ఛాతీ నిండా గాలి తీసుకుని అరిచాడు: "ప్యెంచ్".

మీటరు దగ్గర మనిషి కొయ్యబారిపోయాడు. ముల్లు వదిలేసి మావయ్య ముఖం చూస్తూ ఉండిపోయాడు. చెయ్యి లేవలేదు. పెద్ద ఇంజనీరు కళ్ళజోడు తీసి ఏదో కేకేశాడు. పనివాడికి అంకెలు రాలేదన్నాడేమో అనుకుని మేనేజరు తెల్లబోయాడు. కటక్ కుర్రాళ్ళలో ఒకడు "ఘురాఅ మఉసా, ఘురాఅ" అని తొందరపెట్టాడు, తిప్పు బాబాయీ తిప్పు అని. ఈల పెరిగి కిటికీ అద్దాలు వణకసాగాయి. తిప్పమని అన్ని వైపుల నుంచీ అరుపులు. మావయ్య మాత్రం ఒక అరచెయ్యి గొట్టానికి చుట్టిన ఆస్‌బెస్టాస్ పొరకు ఆనించి, రెండో చెయ్యి చక్రం మీద ఉంచి, కదలకుండా ఉన్నాడు. నేను కూడా ఓర్చుకోలేక తిప్పు మావయ్యా అన్నానని ఒప్పుకోవాలి.

"ఆడి సెయ్యి నెగనేదు. నానెలా తిప్పుతాను?" అన్నాడు తల తిప్పకుండా.

అప్పటికి తెలివి తెచ్చుకుని చిన్న ఇంజనీరు మీటరు చూశాడు. ముల్లు ఎర్రగీత అంచున కొట్టుకుంటోంది. ఆరో చుట్టు పడి ఉంటే ఏమయ్యేదో అతని ముఖమే చెప్పింది. ముల్లు మెల్లగా దిగి కుదురుకుంది. చెయ్యి లేచింది. మావయ్య "షెష్చ్" అన్నాడు. ఏడో చుట్టుకు ఇద్దరూ కలిసి అరిచారు. ఎనిమిదికి టర్బైను గొంతు మారి, నేల కింద ఏనుగుల మంద నడిచినట్టు మిల్లంతా అదిరింది. రైతులు తువ్వాళ్ళు ఎగరేశారు. నేను ఏం రాసుకున్నానో నాకే తెలియదు.

మధ్యాహ్నం గేటు బయట టీ దుకాణంలో, పొట్లంలో ముఢీ, మన మరమరాలే, పెట్టుకుని చిన్న ఇంజనీరు, మావయ్య, నేను కూర్చున్నాం. అతని విరిగిన ఇంగ్లీషుకు నా విరిగిన ఇంగ్లీషే వారధి. మావయ్య అరిచినవి చెక్ అంకెలు కావట, పోలిష్‌వట. నాలుగు దాకా రెండూ దగ్గరగానే ఉండి, అయిదు దగ్గర విడిపోతాయట, చెక్‌లో అది ప్యెత్ అట. అతని జిల్లా పోలెండును ఆనుకుని ఉంటుంది. ముఢీ గింజలు బల్ల మీద వరసగా పేర్చి ఇది ఏరు అన్నాడు. అవతల పోలెండు, ఇవతల తమ ఊరు. ఆఫీసులో చెక్, ఇంట్లో పోలిష్. ఆ ఇంటి మాటకు కూడా వేరే పేరు పెట్టుకోరట, మన తీరు అంటారట. వాళ్ళ అమ్మమ్మ ఒకే ఇంట్లో ఉండి మూడు రాజ్యాలు చూసిందట. ఇన్నేళ్ళుగా పనిలో చెక్ తప్ప మాట్లాడలేదని, తాను పైకి లెక్కపెడతానన్న సంగతే తనకు తెలియదని, అదీ వాళ్ళమ్మ నేర్పిన అంకెలతో అని, పొద్దున మావయ్య నోట విన్నాకే తెలిసిందని చెప్పి, చాలాసేపు నవ్వాడు. కళ్ళు కూడా తుడుచుకున్నాడు.

నేను తెలుగులో చెప్పగానే మావయ్య, ఇందులో వింతేముందన్నట్టు చూశాడు. "మాయమ్మ మదరాసులో పుట్టింది, ఒరిస్సాలో పోయింది, గుమ్మం దాటనేదు. సెప్పు ఆడికి." ఊరు కదలకుండానే మదరాసు రాష్ట్రం నుంచి ఒరిస్సాలోకి మారిన సంగతి కలిపి చెప్పాను. అతను బల్ల చరిచాడు. మావయ్య ఆ ముఢీ వరసను అరచేత్తో ఊడ్చి నోట్లో వేసుకుని, "సెప్పు, ఆడి సరిద్దు నమిలేసినాను" అన్నాడు.

ఆ సాయంత్రం మేనేజరు ముందు చిన్న ఇంజనీరు మావయ్య పేరే చెప్పాడు. పెద్దాయన కూడా అడ్డు చెప్పలేదు. అంకెలు ఎవరైనా నేర్చుకుంటారు, చెయ్యి లేచేదాకా ఆగడం నేర్పలేం అన్నాడని అసిస్టెంటు మాకు చెప్పాడు. మావయ్య మరి ఎప్పుడూ గేటు దగ్గర నిలబడలేదు, పదవీ విరమణ దాకా ఆ చక్రం దగ్గరే ఉన్నాడు. నా వార్తలో లెక్క సంగతి అంతా డెస్కువాళ్ళు కోసేశారు, యంత్రం ఏ దేశానిదో, దానితో మిల్లు ఎన్ని చెరకు గడలు నమలగలదో అదే అచ్చయింది. తరవాత నేనూ అదే డెస్కులో కూర్చుని ఇలాంటివి ఎన్ని కోశానో.

చిన్న ఇంజనీరు వెళ్ళాక ఒకే ఒక్క ఉత్తరం వచ్చింది. లోపల వాళ్ళ ఊరి స్టేషను ఫొటో ఉంది, ఒకే బోర్డు మీద ఊరి పేరు రెండు భాషల్లో. జనాభా లెక్కలవాళ్ళు వచ్చారని, జాతి అన్న గడిలో వాళ్ళమ్మ పోలిష్ అని రాయించిందని, తన గడి మాత్రం ఖాళీగా వదిలేశానని, ఈసారికి తేల్చుకోలేకపోయానని రాశాడు. నేను జవాబు రాశాను. మళ్ళీ ఉత్తరం రాలేదు. ఆ దేశమే తరవాత రెండయింది. ఆ బోర్డు మీద రెండో పేరు ఉందో లేదో నాకు తెలియదు.

ఇప్పుడు మిల్లుల్లో ఎవరూ చుట్లు అరవరట, గాజు తెర మీద అంకెలే వెలుగుతాయట. మావయ్య పోయి చాలా ఏళ్ళయింది. మనవరాలి సంచిలో బడివాళ్ళిచ్చిన ఫారం ఉంది. మా అబ్బాయిదీ నాదీ తెలుగు, కోడలిది ఒడియా. తండ్రి పేరు, తల్లి పేరు, చిరునామా అన్నీ నింపి, మాతృభాష అన్న గడి దగ్గర వాళ్ళిద్దరూ పెన్ను ఆపారు. మీరు చెప్పండి నాన్నా అని మా అబ్బాయి ఫారం నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. సోమవారం ఇచ్చెయ్యాలి. గడి ఇంకా ఖాళీగానే ఉంది.