ఇద్దర్ని కూసోవెట్టిన డ్రైవరన్న

రిటైరైన మా డ్రైవరన్న పోయిండని ఫోనొచ్చినప్పుడు నేను బస్సు నడుమ మందిల ఇరుక్కపోయి ఉన్న. నల్గొండకు ఇంక ఏడు స్టేజీలున్నయి. దిగి ఏడుద్దామన్నా తొవ్వ లేదు. జీరో టికెట్లు కొట్టుకుంటనే ఏడ్చిన.

నేను కండక్టర్నే. కానీ ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయి మంది పెరిగిన కాడికెల్లి నాకు బస్సంటేనే భయం పట్టుకుంది. వెనకకు పోయినంక తలుపు కనవడకపోతె ఊపిరాడకపోయేది. లోపట ఒకతి "దిగు, సస్తవే" అని ఒర్లేది. ఇంకొకతి "సిగ్గులేదానె? నౌకరి పోతె పిల్లలకేం పెడ్తవ్?" అని తిట్టేది. ఇద్దరి నడుమ నేను నలిగిన. ఇంటికి పోయినా ఆ కొట్లాట ఆగకపోయేది.

ఒకనాడు తట్టుకోలేక నడితొవ్వల బస్సు ఆపిచ్చి దిగిపోయిన. ప్యాసింజర్లు నోటికొచ్చినట్టు తిట్టిండ్రు. అన్న మాత్రం "టైరు జూస్తున్నం, జర ఆగుండ్రి" అని అబద్ధమాడిండు.

ఆయన వాళ్లూర్లె పంచాయితీలు తెంపే పెద్దమనిషి. ఆఖరి స్టేజీల బస్సు ఖాళీ అయినంక నా లోపటి కొట్లాటంత ఆయనకు చెప్పిన. ఇని, రెండు చాయలు తెచ్చి, రెండూ నా ముందటనే పెట్టిండు.

"నాకెందుకన్నా రెండు?"

"మీరిద్దరు గద. పంచాయితీల ఒక్కపక్క మాటనే ఇంటమా చెల్లె? ముందు ఒర్లేదాన్ని మాట్లాడనియ్యి. తిట్టేది నడుమల నోరు తెరువొద్దు."

"గా భయపడేదాన్ని ఎల్లగొట్టరాదన్నా!"

"ఎల్లగొడ్తె ఎటు పోతది? నీ ఇంటిదే. దేనికి భయపడ్తాందో అడుగు."

పిచ్చి లేసిందా అనిపించింది. అయినా ఈ సీట్ల కూసొని భయం మాటలు, ఆ సీట్ల కూసొని తిట్టేదాని మాటలు చెప్పిన. నేను సస్తె పిల్లలేం గావాలె అన్నది భయం. నౌకరి పోతె పిల్లలేం గావాలె అన్నది రెండోది. చెప్పుకుంటనే ఆగిపోయిన.

అన్న నవ్విండు. "ఇద్దరిదీ పిల్లల ఫికరేనాయె. ఇగ కొట్లాటేంది?" రెండు చాయలు తాగిచ్చినంకనే బండి తీసిండు.

భయం పోయిందని అబద్ధం చెప్ప. వస్తది. "నీ మాట ఇన్నతియ్యి, కూసో" అంట దానితోని. ఒక్కోసారి ఇంటది, ఒక్కోసారి ఇనది.

డ్యూటీ దిగి ఆయనింటికి పోయేసరికి వాకిలి నిండ మంది. అన్న భార్య నన్ను పట్టుకొని ఏడ్చింది. "బండి కింద ఒక పాణం పోయిన కాడికెల్లి మీ అన్నకు స్టీరింగ్ ముట్టాల్నంటే గజగజ వణుకు, అమ్మా. రిటైరయ్యేదాక దినాం పొద్దుగాల గీడ కూసొని కొంచెం, గాడ కూసొని కొంచెం, ఒక్కడే మాట్లాడుకునేటోడు."

అన్న నాకు ఒక్కనాడు గూడ చెప్పలే. అన్నేండ్లు ఆయన వెనక నిలవడి "రైట్ రైట్" అనుకుంటనే పోయిన.

పాడె లేస్తుంటే మంది మీదవడ్డరు. ఎటు జూసినా భుజాలే, తొవ్వ లేదు. గుండె దడదడ కొట్టుకుంది. కొట్టుకోనిచ్చిన. నేను మాత్రం అన్న పక్కనుంచి జరగలే.