కింది అర చీరలు

గవర్నర్‌పేటలో రావమ్మగారి చేనేత చీరల కొట్టుకి బోర్డు ఉంది గానీ, దాన్ని చదివేవాళ్లు తక్కువ. రావమ్మగారి కొట్టంటే ఆటోవాళ్లే తెచ్చి దింపేస్తారు. ఆవిడకి అరవై నాలుగేళ్లు. చల్లపల్లి దగ్గర మగ్గాలున్న ఇంట్లో పుట్టి పెరిగింది కాబట్టి చీరని చూడక్కర్లేదు, వేళ్లతో తడిమి నేత ఎలాంటిదో చెప్పేస్తుంది. మనుషుల్నీ అంతే. మెట్టెక్కే అడుగు చూసి, పెళ్లికొచ్చారో, సీమంతానికొచ్చారో, ఊరికే ఏసీలో కూర్చుందామని వచ్చారో పట్టేస్తుంది. ఆ మూడో రకానికి కూడా మంచినీళ్లిస్తుంది.

మాటల దగ్గర మాత్రం ఆవిడతో మహా చిక్కు. ఇంట్లో బియ్యం అయిపోయాయనకూడదు, నిండుకున్నాయనాలి. కొట్టు మూసేద్దామా అని ఏ సేల్స్‌మన్ అయినా నోరు జారాడో, వాడి పని అయిందే. కట్టేద్దామా అనాలి. చాటున నవ్వుకునేవాళ్లు నవ్వుకున్నారు. ఆవిడ మాత్రం నోట చెడ్డమాట రాకుండా నలభై ఏళ్లు ఇల్లూ కొట్టూ నెట్టుకొచ్చింది. చివరికి ఆ పట్టింపే ఆవిడ మెడకి చుట్టుకుంది.

కొడుకు దుర్గాశంకర్‌కి పెళ్లై అప్పటికి ఆరు నెలలు. కోడలు మాధురి హైదరాబాదు పిల్ల. అక్కడ ఓ మాల్‌లో మూడేళ్లు పనిచేసింది. మంచి చురుకైంది. వస్తూనే కొట్టు తీరే మార్చేసింది. ప్రతి బిల్లు మీదా పేరు, ఊరు రాయించింది. ప్రతి చీరతోనూ సంచిలో చిన్న కుంకుమ పొట్లం పెట్టించింది. వెళ్లే ప్రతివాళ్లకీ చేతులు జోడించి "మళ్లీ రావాలండీ" అనేది. అమ్మకాలు పెరిగాయి. రావమ్మ మురిసిపోయింది.

కానీ మాధురికి ఎవరూ చెప్పని చీరలు కొన్ని ఆ కొట్టులో ఉన్నాయి. లేత రంగులు, సన్నటి అంచులు. కింది అరలో ఉంటాయి. భర్త పోయిన ఆడపిల్లకి పదో రోజున పుట్టింటివాళ్లు పెట్టే చీరలవి. వాటికోసం వచ్చినవాళ్లని రావమ్మ తనే చూసుకునేది. ఎవరికని అడగదు. బేరమాడే పని పెట్టదు, తను కొన్న ధరకే ఇచ్చేస్తుంది. పాత పేపర్లో చుట్టి చేతికిస్తుంది. మళ్లీ రండి అని పొరపాటున కూడా అనదు. వాళ్లు మెట్లు దిగేదాకా లేచి నిలబడుతుంది.

ఆ రోజు మధ్యాహ్నం రావమ్మ భోజనానికి వెళ్లింది. కంకిపాడు నుంచి జక్కయ్య అనే పెద్దాయన వచ్చి, కింది అర వైపు వేలు చూపించాడు. అమ్ముడుపోదనుకున్న సరుకు కదిలిందని మాధురికి సంబరం.

"ఏం ఫంక్షనండీ? ఇంకోటి తీసుకుంటే పది శాతం తగ్గిస్తాం" అంది.

ఆయన జేబులోంచి డబ్బు తీసి అడిగినంతా ఇచ్చాడు. మాధురి చీరనీ కుంకుమ పొట్లాన్నీ సంచిలో వేసి, "మళ్లీ రావాలండీ" అంటూ అందించింది. జక్కయ్య సంచిలోకి చూశాడు. దాన్ని బల్ల మీద పెట్టేసి, ఇచ్చిన డబ్బు కూడా తిరిగి అడక్కుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

రావమ్మ తిరిగొచ్చేసరికి దుర్గాశంకర్ బల్ల మీది సంచి చూసి, అందరి ముందూ భార్య మీద కేకలేస్తున్నాడు.

"ఆ మాత్రం తెలీదా? పుట్టింటి చీరలో కుంకుమ పెడతారా ఎవరైనా?"

మాధురి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"తెలియడానికి ఎవరు చెప్పార్రా?" అంది రావమ్మ. "నువ్వు చెప్పావా, నేను చెప్పానా?"

కొత్త కోడలి చెవిన చావు మాట వెయ్యకూడదని ఆరు నెలలుగా నోరు మెదపనిది తనే. ఏడాది తిరిగాక చెబుదాంలే అనుకుంది. ఇప్పుడు ఆ పెద్దాయన ఉత్త చేతులతో వెళ్తే, మొగుణ్ణి పోగొట్టుకున్న ఆ తల్లి పుట్టిల్లు కూడా లేదనుకోదూ?

"బిల్లు మీద ఏ ఊరుందమ్మా?"

"కంకిపాడు, అత్తయ్యగారూ."

"అయితే బస్టాండుకే వెళ్లుంటాడు. పద."

కుంకుమ పొట్లం తీసేసి, చీరని పేపర్లో చుట్టింది. ఆటోలో కూర్చున్నాక కోడలికి అన్నీ విడమరిచి చెప్పింది. ఆవిడ నోట అన్ని అశుభం మాటలు ఒక్కసారిగా వినడం ఎవరికైనా అదే మొదటిసారి అయ్యుంటుంది.

జక్కయ్య కంకిపాడు బస్సు ఆగే చోట బెంచీ మీద ఒక్కడే ఉన్నాడు. రావమ్మ వెళ్లి పక్కన కూర్చుంది.

"తప్పు నాదండీ అన్నయ్యగారూ. పిల్లకి చెప్పాల్సిన పెద్దదాన్ని, చెప్పలేదు."

మాధురి రెండు చేతులా చీర అందించింది.

"ఇంకో కొట్టుకి వెళ్లబుద్ధి కాలేదమ్మా" అన్నాడు జక్కయ్య చీర తీసుకుంటూ. "రేపే పదో రోజు. మా చెల్లికి నేనొక్కణ్ణే." తరవాత మాధురి వైపు చూశాడు. "కోడలామ్మా?"

"అవునండీ. ఆరు నెలలైంది మా ఇంటికొచ్చి."

ఆయన చెయ్యి దీవించడానికి లేచి, మధ్యలోనే ఆగిపోయింది. "ఇలాంటి పని మీదొచ్చినోణ్ణి. కొత్త పిల్ల మీద చెయ్యెయ్యకూడదులే" అంటూ వెనక్కి తీసుకున్నాడు.

మూసేద్దామన్న మాటకే ఉలిక్కిపడే రావమ్మ, కోడలి భుజం పట్టుకుని ఆయన ముందుకి తెచ్చింది.

"వెయ్యండి అన్నయ్యగారూ. మీ చేతికి చెడేంటి?"

జక్కయ్య కళ్లు తుడుచుకుని మాధురి తల మీద చెయ్యి పెట్టాడు.

బస్సొచ్చింది. ఆయన వెళ్లొస్తానని అనకుండానే ఎక్కాడు. అత్తా కోడళ్లిద్దరూ మళ్లీ రమ్మనకుండా నిలబడ్డారు. బస్సు కదిలాక ఆయన కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"అమ్మాయ్! వైశాఖంలో మా మనవరాలి పెళ్లి. చీరలకి నీ దగ్గరికే వస్తా!"